లెన్ హ్రూబీ కుడిచేయి

ఆ అక్టోబరులో లెన్ హ్రూబీ కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. పొద్దున్నే రోడ్ల శాఖ లారీ ఎక్కి గుంతల్లో తారు పోసేవాడు. ఇంటికొచ్చాక వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి గరాజులోకి కాలు కాలిన పిల్లిలా తిరిగేవాడు. భార్య మార్సీ చూసి చూసి విసిగిపోయింది.

"ఆ డోరీన్‌కి ఏదో ఒకటి చెప్పేయరాదూ! అవునంటే అవునను, కాదంటే కాదను. నీ నడకకి నా గచ్చు అరిగిపోయేలా ఉంది" అంది.

చెప్పాల్సిన మాట చిన్నదే. కర్టిస్ మేబ్రీని జట్టులోకి తీసుకోవాలా, వద్దా?

ఉక్కు మిల్లు మూతపడ్డాక కార్బెట్స్ ఫెర్రీకి మిగిలినవి కాసిని చర్చిలు, డోరీన్ పాకల్ బారు, రివెటర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. జీతాలిచ్చే జట్టేం కాదది. వారమంతా ఎవరి పని వాళ్ళు చేసుకుని, శనివారం మధ్యాహ్నం హెల్మెట్లు తగిలించుకుని, పక్క ఊళ్ళవాళ్ళతో కుమ్ముకునేవాళ్ళ జట్టు. బారుతోపాటు జట్టు బరువూ డోరీనే మోస్తోంది. ఆ ఏడు ఆడిన ప్రతి ఆటా ఓడిపోయారు. చూసేవాళ్ళు ఎంత పలచబడ్డారంటే, ఎవరు తుమ్మినా మైదానంలోకి వినపడేది.

లెన్ ఆ జట్టుకి కెప్టెను. ఆడేది సెంటర్ స్థానంలో. వరస మధ్యలో వంగి, నేల మీది బంతిని పట్టుకుని, వెనక నిలబడ్డ క్వార్టర్‌బ్యాక్ కేక వెయ్యగానే దాన్ని కాళ్ళ మధ్య నుంచి అతని చేతుల్లోకి అందించాలి. అందించీ అందించగానే ఎదుటి జట్టులోంచి ఎద్దులాంటివాడొకడు వచ్చి మీద పడతాడు. ఆ బంతి ఎటు ఎగిరిందో, జనం ఎందుకు చప్పట్లు కొడుతున్నారో, కింద పడున్న సెంటర్‌కి తెలిసేది ఆఖర్న. చప్పట్లన్నీ దాన్ని విసిరిన క్వార్టర్‌బ్యాక్‌కే. లెన్‌కి దాని మీద ఎప్పుడూ ఉక్రోషం లేదు. బళ్ళో చదివే రోజుల్లో అతను బంతి అందించింది కర్టిస్ మేబ్రీకి మరి!

కర్టిస్ కేకే వేరు. "రెడీ..." అని సాగదీసి, ఎదుటివాళ్ళు ఊపిరి బిగబట్టేదాకా ఆగి, ఎండుకట్టె విరిచినట్టు "హట్!" అనేవాడు. ఆ రెంటి మధ్యా ఎంత ఆగుతాడో లెన్ కుడిచేతికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. తర్వాత కర్టిస్ పెద్ద విశ్వవిద్యాలయానికి ఆడాడు, టీవీలో కనిపించే జట్లకి ఆడాడు. లెన్ ఊళ్ళోనే ఉండిపోయి అతన్ని టీవీలో చూశాడు. ఇప్పుడు నలభై దాటి, మోకాలు అరిగి, కర్టిస్ ఊరికి తిరిగొచ్చి అన్నగారి పైకప్పుల పనిలో చేరాడు. వచ్చిన వారంలోనే డోరీన్ బారుకెళ్ళి, "పిలిస్తే ఆడతా" అన్నాడు.

ఆ మాటకే ఊరు రెండుగా చీలింది. ఎందుకంటే ఇప్పుడు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడుతున్నది నికో, లెన్ చెల్లెలి కొడుకు. వాడికి బంతి పట్టుకోవడం నేర్పింది లెనే. గరాజు వెనక తాడుకి పాత టైరు వేలాడదీసి, అది ఊగుతుంటే దాని నడిమధ్య నుంచి బంతి విసరమని వాణ్ణి సతాయించింది లెనే.

"ఇద్దరికీ బంతి అందించినవాడివి నువ్వొక్కడివే" అంది డోరీన్, బారు గట్టు తుడుస్తూ. "నువ్వెలా చెప్తే అలా చేస్తా."

"నన్నెందుకు ఇరికిస్తావ్ డోరీనక్కా?"

"ఇంకెవర్ని ఇరికించను, మా పిల్లినా? కర్టిస్ పేరు గోడలకెక్కితే జనం వస్తారు. జనం రాకపోతే క్రిస్మస్ దాకా కూడా ఈ జట్టుండదు. కానీ ఆ మోకాలు చూస్తే గుండె దడగా ఉంది. ఎవడైనా గట్టిగా పడ్డాడంటే మనిషి మళ్ళీ లేవడు."

"ఆలోచించి చెప్తా."

"ఆలోచించు, బాగా ఆలోచించు. శనివారం ఆటయ్యాక మాత్రం నాకు మాట కావాలి."

ఆ వారమంతా లెన్‌కి రోడ్డు మీద కూడా ఊపిరాడలేదు. తారు పోస్తుంటే కార్లు ఆపి మరీ అడిగారు. "ఏం లెన్, ఆ ముసలాయన్ని తెస్తున్నావా, మేనల్లుడితోనే మా ప్రాణాలు తీయిస్తావా?" శుక్రవారం చర్చిలో చేపల విందు దగ్గర ఒకావిడ అతని పళ్ళెంలో ఆలుగడ్డ కూరిన కుడుముల్లాంటి పియెరోగీలు వడ్డిస్తూ, "సొంతవాణ్ణి కాదంటే పాపం తగుల్తుంది నాయనా" అంది. పక్కనున్న ఆవిడ మొగుడు, "ఓడితే తగలదా?" అన్నాడు. లెన్ కక్కలేక మింగలేక ఆ పియెరోగీల్నే మింగాడు.

అడగనివాడు నికో ఒక్కడే. అదే లెన్‌ని ఎక్కువ పొడిచింది. సాధనలో మాత్రం ఒకసారి, "మామా, నా కేక సరిగ్గా వినపడుతోందా? బంతి కొంచెం లేటుగా వస్తోంది" అన్నాడు.

"నువ్వు తటపటాయిస్తున్నావురా. గట్టిగా కేకెయ్" అన్నాడు లెన్.

శనివారం ఆట నది అవతలి ఊరివాళ్ళతో. కర్టిస్ చూడ్డానికొస్తున్నాడని తెలిసి జనం బాగానే వచ్చారు. అతను మైదానం కంచె దగ్గర, అన్నగారి కంపెనీ టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. అందరి కళ్ళూ సగం ఆట మీదా సగం అతని మీదా ఉన్నాయి. ఆ రోజు నికో మాత్రం ఎవర్నీ పట్టించుకోలేదు. వరసగా మూడుసార్లు బంతిని ఎక్కడ వెయ్యాలో అక్కడే వేశాడు. ఆట ముగిసే వేళకి గీత దాటడానికి నాలుగడుగులే మిగిలాయి. దాటితే గెలుపే. జనం లేచి నిలబడి నోళ్ళు కట్టేసుకున్నారు.

లెన్ వంగి బంతి పట్టుకున్నాడు.

"రెడీ..." అన్నాడు వెనకనుంచి నికో.

"హట్!" అంది కంచె దగ్గర్నుంచి పాత గొంతొకటి.

లెన్ చేయి కదిలింది. అతన్ని అడగలేదు, చెప్పలేదు. బంతి వెళ్ళి, ఇంకా నోరు తెరిచే ఉన్న నికో మణికట్టుకి తగిలి నేల మీద దొర్లింది. నది అవతలివాడొకడు దాని మీద పడ్డాడు. ఆట అయిపోయింది.

"చేతికిచ్చిన బంతి పట్టుకోవడం రాదు గానీ విసురుతాట్ట!" "మేబ్రీని దింపండి!" అంటూ జనం విరుచుకుపడ్డారు. నికో హెల్మెట్ తీసి, అందరూ వింటుండగా డోరీన్‌తో అన్నాడు: "సారీ ఆంటీ. చేతులు జారాయి. తప్పు నాదే."

మనుషుల కుప్ప కిందనుంచి లెన్ అప్పుడే లేస్తున్నాడు. కంచె దగ్గర చూస్తే కర్టిస్ లేడు. అప్పుడు వెలిగింది లెన్‌కి, కుర్రాడి కేకలో తటపటాయింపేం లేదని. ఈ ఏడంతా తన చెయ్యే ఇంకొకరి గొంతు కోసం ఆగుతూ వచ్చింది. ఆ తప్పు తీసుకెళ్ళి పిల్లాడి నెత్తిన రుద్దాడు.

నికో తన ట్రక్కు దగ్గర బూట్ల తాళ్ళు విప్పుకుంటుంటే వెళ్ళి పట్టుకున్నాడు.

"ఎందుకలా చెప్పావురా? బంతి ముందొదిలింది నేను."

"తెలుసు మామా."

"తెలిసీ..."

"నీకు ఆయనే కావాలి కదా" అన్నాడు నికో తలెత్తకుండా. "నాకు ఎప్పట్నుంచో తెలుసు. నోరు తెరిచి నన్ను కాదనలేక తిరుగుతున్నావు. నా తప్పంటే నీకు సులువవుతుందనుకున్నా."

లెన్ వాడి భుజం మీద ఓ చరుపు చరిచి, గబగబా బారు వైపు నడిచాడు.

బారు కిక్కిరిసి ఉంది. ఓ మూల కర్టిస్ కూడా ఉన్నాడు, ముందున్న గ్లాసు ముట్టుకోకుండా. లెన్ గుమ్మంలోంచే అరిచాడు. "బంతి నేనే ముందొదిలాను! కుర్రాడి తప్పు రవ్వంత లేదు. ఇంకోసారి వాణ్ణి ఎవరైనా అన్నారో, మర్యాద దక్కదు."

కర్టిస్ లేచాడు. "కేకేసింది నేను. వెయ్యాలని కాదురా లెన్... అక్కడ నిలబడితే నోరాగలేదు."

"అంత ముచ్చటగా ఉంటే ఇద్దరూ కలిసి ఆడుకోండి!" అని ఎవడో వెనకనుంచి అన్నాడు. నలుగురు నవ్వారు.

డోరీన్ నవ్వలేదు. "నాకివ్వాల్సిన మాట సంగతేంటి లెన్?"

"కర్టిస్ వద్దు" అన్నాడు లెన్.

కర్టిస్ ముఖం వాడిపోయింది. లెన్ అది చూశాడు. అయినా ఆగలేదు. "వాడి మోకాలు చూసి అనడం లేదు. వాడొస్తే నేనింకో పదేళ్ళు ఆడతాననుకుంటాను. నీ జట్టుకి బరువైన ముసలాణ్ణి నేను అక్కా. కర్టిస్ గొంతు ఎన్నడూ వినని సెంటర్‌ని చూడు, నికోకి."

కర్టిస్ తన పక్కనున్న కుర్చీని కాలితో ముందుకి తోశాడు. లెన్ వెళ్ళి కూర్చున్నాడు.

తర్వాతి శనివారం పాల వ్యాను నడిపే గోర్డీ అనే కుర్రాడు సెంటర్‌గా వంగాడు. కిందటి వారం రగడ ఊరంతా పాకిందేమో, జనం ఈసారీ వచ్చారు. లెన్, కర్టిస్ కంచె దగ్గర పక్కపక్కనే నిలబడ్డారు. కర్టిస్ మఫ్లర్ మూతి మీదికి లాక్కుని, "నోరు నేను కట్టేసుకున్నా, చెయ్యి నువ్వు జేబులో పెట్టుకో" అన్నాడు.

"నోర్ముయ్" అన్నాడు లెన్, కంచె పట్టుకుని.

మైదానంలో నికో చెయ్యెత్తాడు. "రెడీ..."

అని ఆగాడు. వాడు ఎంత ఆగుతాడో లెన్‌కి ఇప్పుడు తెలిసింది.

"హట్!"

కంచె మీంచి లెన్ కుడిచేయి లేచింది. సరిగ్గా వాడి కేకకే, వెంట్రుకవాసి ఆలస్యం లేకుండా. గోర్డీ అందించిన బంతి నికో చేతుల్లో పడి, మరుక్షణం గాల్లోకి లేచింది. మేనల్లుడు విసిరిన బంతి ఎలా ఎగురుతుందో ఆటలో లెన్ మొదటిసారి చూశాడు.