గోడవైపు తిరిగిన సన్నాయి

మా ఇంటి పెళ్లిళ్లకు సన్నాయి ఊదే పెద్దాయన మీద నా కోపం ఇంకా పోలేదు. కరోనా రోజుల్లో మా అమ్మాయి పెళ్లి అనకాపల్లిలో మా పెరట్లోనే చేశాం. ఆయన సన్నాయి చివర తువ్వాలు మడత పెట్టి కట్టాడు. ఒకసారి ఊది, దాని ముందు అరచెయ్యి పెట్టి గాలి తగులుతోందా అని చూసుకున్నాడు. తర్వాత మాకు వీపు పెట్టి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఏటి మామా, సన్నాయికీ మాస్కేటి?" అన్నాడు మా బావమరిది. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇటు తిరిగి ఊదు. పెళ్లికూతురి తండ్రికి వీపు చూపిత్తావేటి?" అన్నాను.

"ఆస్పత్రి నుంచి మొన్నే వచ్చిన మీ అమ్మగారు ఎదరే కూకున్నారు బాబూ. నా గాలి ఆయమ్మ మీదకి ఎల్లకూడదు."

తాళి కట్టేటప్పుడైనా గుడ్డ తీయమన్నాను. తీయలేదు. సన్నాయి ఎక్కడో పక్క వీధిలో మోగుతున్నట్టు వినిపించింది. తాంబూలం ఆయనకు నా చేత్తో ఇవ్వలేదు.

వానలు మొదలవకముందే ఆయన కరోనాతోనే పోయాడు. కబురు విని అమ్మ చాలాసేపు ఏడ్చింది.

"ఆ పెళ్లిలో నా ఊపిరి గురించి ఆలోసించినోడు ఆయనొక్కడేరా," అంది.

కన్నకొడుకుని, పక్కనే నిలబడి ఉన్నాను. ఆ మాట కూడా నేను మరచిపోలేదు.