ఇంకా వంచమన్న నడుము

ఆ ఏడు మా జిల్లాలో కొత్తగా కట్టిన ఒక సర్కారు ఆఫీసు గోడకు బొమ్మలు వేసే పని నాకు దొరికింది. అప్పటిదాకా ప్రైవేటు బడిలో డ్రాయింగ్ చెబుతూ, సెలవుల్లో దుకాణాల బోర్డులు రాసేవాణ్ణి. ఏం వెయ్యాలో ఆఫీసువాళ్లే చెప్పారు. ఎడమ పక్క ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిపోయిన మనిషి, కుడి పక్క ఇంటికి నల్లా వచ్చాక నవ్వే మనుషులు. ముందు పెన్సిల్ బొమ్మలు చూపించి ఒప్పించుకోవాలి. రంగులు ఆ తర్వాతే.

మా బడి ఆయా వాళ్ల అత్తకు ఆ జబ్బు ఉందని తెలిసి, చిట్యాల అవతల వాళ్ల ఊరికి వెళ్లాను. డెబ్బై దగ్గరపడిన మనిషి. మోచేతి కింద తేలు పచ్చబొట్టు. నడుము ముందుకు వంగిపోయింది. మెడ తిరగదు. పక్కనుంచి ఎవరు పిలిచినా ఒళ్లంతా తిప్పి చూసేది. అయినా కర్ర పట్టుకొని రోజూ మేకల వెంట పోయేది. వచ్చిన పని చెప్పగానే లోపలికి పోయి, తల దువ్వుకొని, నారాయణపేట చీర కట్టుకొని వచ్చింది.

"సర్కారు గోడ మీద ఏస్తవా బిడ్డా? మంచిగ ఎయ్యి. మా కోడలు సూడాలె."

రెండు రోజులు రేకుల పందిరి కింద, కర్ర మీద చేతులు ఆనించి నిలబడింది. నొప్పి లేచినప్పుడు పెదవి కొరుక్కునేది. "జర సేపు ఒరుగుతనా?" అని ఒక్కసారి అడిగింది. వెలుతురు పోతుందని నేను వద్దన్నాను. బొమ్మ చూపిస్తే చాలాసేపు చూసుకుంది.

"అచ్చం నాలెక్కనే ఉన్నదిరా!" అని నవ్వింది.

ఆ బొమ్మను ఆఫీసులో పెద్దసారు బల్ల మీద పెట్టాను.

"ఏందయ్యా, ఈమె మంచిగనే ఉన్నది గద! కొత్త చీర, నవ్వు మొఖం. జాలి ఎట్ల పుడ్తది? ఇంక వంచు."

అక్కడున్న గుమాస్తాలు నవ్వారు. నేను ఆ బల్ల మీదే రబ్బరు తీసి వీపు చెరిపి కిందికి దించాను.

"ఇంక."

కర్ర తీసేసి చేతులు నేలకు ఆనించాను. చీరను చింపాను. నవ్విన నోటిని వేలాడదీశాను. నన్నెవరూ బెదిరించలేదు. పెన్సిల్ అంత తేలికగా కదలడం చూసి నాకే ముచ్చటేసింది.

"గిప్పుడు కుదిరింది," అన్నాడాయన.

ఆ బొమ్మను పెద్ద కాగితం మీదికి ఎక్కించి, గీతల వెంట సూదితో బొక్కలు పొడిచాను. కాగితాన్ని గోడకు అంటించి బొగ్గుపొడి మూటతో అద్దితే, బొక్కల్లోంచి పొడి దిగి, ఆమె నాలుగు కాళ్ల మీద గోడకెక్కింది.

ఆఫీసు తెరిచిన రోజు నేను పిలవకపోయినా అవ్వ తన కోడలిని, అదే మా బడి ఆయాను, వెంటబెట్టుకొని బస్సులో వచ్చింది. అప్పటికి బొమ్మ ముందు ఒకడు నేల మీద చేతులు ఆనించి పాకుతున్నాడు. వాడి దోస్తులు ఫోన్లలో ఫొటోలు తీస్తూ పడీపడీ నవ్వుతున్నారు. ఆమె ఒళ్లంతా తిప్పి గోడను చూసింది. బొమ్మలో మోచేతి కింద తేలు పచ్చబొట్టు ఉంది. అదొక్కటి నేను చెరపలేదు.

"నేను గిట్ల పాకుతనా బిడ్డా?"

"నువ్వు కాదవ్వా అది. ఊకెనే మనసుల అనుకొని ఏసిన."

"తేలు నాదే గద."

కోడలు నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ముసలిదాన్ని రెండు దినాలు నిలబెట్టి పశువును చేసినవ్ గద సారూ. తుడిపెయ్."

"సర్కారు గోడ. నేనేం చెయ్యలేను," అన్నాను.

కోడలు ఇంకేదో అనబోతే అవ్వ ఆమె కొంగు పట్టి లాగింది. "పా, బస్సు పోతది."

అంతమందిలో దారి ఇమ్మని అడుగుతూ కర్రతో మెల్లగా బయటికి వెళ్లిపోయింది. నేను గుమ్మం దాకా కూడా వెళ్లలేదు.

పెద్దసారుకు నా పని నచ్చి ఇంకో రెండు ఆఫీసులకు చెప్పాడు. మళ్లీ మనిషిని వెతకలేదు. బొక్కలు పొడిచిన కాగితం ఉండనే ఉంది. బడిలో ఆయా అందరికీ చాయ్ పోసి నన్ను దాటుకొని పోయేది. అవ్వ చనిపోయిందని స్టాఫ్ రూములో ఎవరో అనుకుంటుంటే విన్నాను. అప్పుడు నా మూడో గోడ సగంలో ఉంది. ఆ రోజు బడి వదలగానే వెళ్లి, గోడ మీద ఆ వంగిన వీపుకు రంగు వేశాను.