జితేందర్ మోకాలి నొప్పి

అమెరికాలోని శాన్ రామన్ నుంచి మంచుకొండకి ఎప్పుడు వెళ్లినా, కలిసి వెళ్లే మూడు కుటుంబాల సామాన్లకీ కాపలా జితేందరే. కొండ కింద హాల్లో కిటికీ పక్క టేబుల్ పట్టుకుని, కోట్లు, బ్యాగులు, పులిహోర డబ్బాలు చుట్టూ పేర్చుకుని కూర్చుంటాడు. మొదటిసారి వచ్చినప్పుడు మంచు మీద జారే స్కీయింగ్ చేయబోయి చిన్నపిల్లలు నేర్చుకునే వాలు మీదే పడ్డాడు. అందరూ నవ్వితే తనూ నవ్వాడు. మర్నాటి నుంచి మోకాలు నొప్పి అన్నాడు. "మీరు పోయి రండి, నేను చూసుకుంటా" అని ల్యాప్‌టాప్ తెరిచి, పైకి పోతూనే ఉండే లిఫ్ట్ కుర్చీల్ని అద్దంలోంచి చూస్తూ ఆవులిస్తాడు. మధ్యాహ్నం పిల్లలు దిగొచ్చాక మాత్రం చేతినిండా పని. స్కీ బూట్లు ఓ పట్టాన ఊడవు. నేల మీద మోకాళ్లూని, ఒక్కొక్కరి కాలూ ఒళ్లో పెట్టుకుని, బకిల్స్ విప్పి, మడమ పట్టి లాగుతాడు. నొప్పి ఉన్నవాడు మోకాళ్ల మీద ఎట్లా కూర్చుంటున్నాడని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

ఈసారి కూతురు ఉజ్వల అందరికంటే ముందొచ్చింది. జితేందర్ అలవాటుగా మోకాళ్లూని చెయ్యి చాపాడు. ఆ పిల్ల కాలు వెనక్కి తీసుకుంది. "వద్దు డాడీ. నీకు మోకాలు నొప్పి కదా, ఐ కెన్ డూ ఇట్." పళ్లు బిగించి రెండు బూట్లూ తనే లాక్కుంది. తర్వాత వచ్చి అతని చంక కింద చెయ్యి వేసింది.

"మెల్లిగా," అంది.

ఏ నొప్పీ లేని జితేందర్ కూతురి భుజం పట్టుకుని మెల్లిగానే లేచాడు.