పదకొండో కర్ర

దయ్యాలు కనపడ్డాయనీ, చచ్చినవాళ్లు పిలిచారనీ చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ లోకువే. మా ఊరి తూము దగ్గర మిట్టమధ్యాహ్నం ఏదో తిరుగుతుందని పెద్దవాళ్లు కూడా చుట్టూ తిరిగి పోతుంటే, పదో తరగతిలో పందెం కాసి అక్కడే కూర్చుని అర్ధశేరు వేరుశనక్కాయలు తిని వచ్చాను. తిరిగింది కుక్క ఒక్కటే.

ఇప్పుడు కృష్ణపట్నం పోర్టులో బొగ్గు యార్డులో డోజర్ నడుపుతున్నాను. ఇనుముతో బతికేవాణ్ణి. బండి కదిలితే ఒక కారణం, ఆగితే ఒక కారణం. వెతికితే దొరికి తీరుతుంది. ఈ ఒక్క సంగతికి మాత్రం పన్నెండేళ్లు వెతికాను.

జనవరిలో మా యార్డు కుర్రాళ్లు మంకీ క్యాపులు పెట్టుకుని వణుకుతుంటే నాకు నవ్వొస్తుంది. నెల్లూరు చలి కూడా ఒక చలేనా! పెళ్లికి ముందు నేను మూడు చలికాలాలు లడఖ్ వైపు కొండల్లో పనిచేశాను. రోడ్డు మీద పడ్డ మంచును డోజర్‌తో లోయలోకి తోయడం పని. పొద్దున తోసింది సాయంత్రానికి మళ్లీ పడేది. బావి తవ్వుతుంటే ఊట ఊరినట్టు, ఆ పనికి అంతం లేదు.

అక్కడ బతకడం ఒక చదువు. మేముండే రేకుల షెడ్డు తలుపు లోపలికే తెరుచుకుంటుంది. బయటికి తెరిచే తలుపైతే రాత్రి పడ్డ మంచుకు సమాధి అయిపోతాం. పార ఎప్పుడూ షెడ్డు లోపలే ఉండాలి. నీళ్లు కావాలంటే మంచు కరిగించుకోవాలి. ఇనుమును ఒట్టి చేత్తో ముట్టుకుంటే చర్మం దానికే అతుక్కుపోతుంది. బూట్లు బయట వదిలితే పొద్దునకు రాళ్లవుతాయి, అందుకని వాటిని పక్కలో పెట్టుకుని పడుకునేవాళ్లం. కోడిగుడ్డు గోడకేసి కొట్టినా పగలదు. షెడ్డు మధ్యలో బుఖారీ అని కిరోసిన్‌తో మండే ఇనప పొయ్యి ఉంటుంది. అది ఆరితే మనమూ ఆరినట్టే. షెడ్డు నుంచి మరుగుదొడ్డికి, అక్కడినుంచి రోడ్డుకు ఒక మోకు కట్టి ఉంటుంది. మంచు తుఫానులో చెయ్యి ఆ మోకు వదలకూడదు.

షెడ్డులో ముగ్గురం. ఠాకూర్ గారు మా ఇన్‌చార్జి, హిమాచల్ మనిషి, యాభై దాటినవాడు. సుదామ్ భాయ్ వంటమనిషి, జార్ఖండ్ వాడు, నలుగురు ఆడపిల్లల తండ్రి. నేను మా ఇంటి నుంచి తెచ్చుకున్న చింతపండుతో ఆయనకు మిరియాల చారు నేర్పాను. రెండో చలికాలానికి ఆయన నాకంటే బాగా కాచేవాడు. మా అమ్మ తర్వాత నేను తిన్నావా అని అడిగిన మనిషి ఆయనే.

మూడో చలికాలం, ఒక ఆదివారం. రెండు రోజులుగా ఆగకుండా మంచు. సుదామ్ భాయ్ ముందురోజు నుంచి దగ్గుతున్నాడు. ఆదివారం పొద్దున పెదాలు నీలంగా ఉన్నాయి, పడుకుంటే ఊపిరి అందటం లేదు, కళ్లెలో నురగ. ఎత్తు ప్రదేశాల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని మాకు నేర్పారు. ఆక్సిజన్ పెట్టకపోతే రోజు కూడా ఆగదనీ నేర్పారు. మా సిలిండర్ ఖాళీ. వైర్‌లెస్ పలకడం లేదు. కింద క్యాంపులో సిలిండర్లున్నాయి. కిలోమీటరు దూరం, అంతే.

తుఫానులో ఒంటరిగా బయటికి పోకూడదన్నది అక్కడ మొదటి నియమం. ఠాకూర్ గారు వద్దన్నాడు. కానీ ఆయన సుదామ్‌ను కూర్చోబెట్టి పట్టుకోవాలి, పొయ్యి చూసుకోవాలి. మిగిలింది నేను. నాకు అప్పుడు పాతికేళ్లు, పొగరు నిండుగా ఉంది.

పోవడం బాగానే పోయాను. ఎడమ చెయ్యి కొండకు ఆనించుకుని దిగాను. కింద క్యాంపులో వైద్యం చూసే అతను రేపు తెల్లారాక పొమ్మన్నాడు. రేపటికి మనిషి ఉండడని పోట్లాడి, చిన్న సిలిండర్ వీపుకు కట్టించుకుని తిరిగి బయలుదేరాను. మధ్యాహ్నం రెండు దాటి ఉంటుంది. ఇప్పుడు కొండ కుడిచేతికి.

షెడ్డు దగ్గరపడుతుండగా ఒక శబ్దం వచ్చింది. బొగ్గు లారీ ఒక్కసారిగా లోడు దించినట్టు. వెంటనే గాలి నన్ను ఎత్తి పక్కకు పడేసింది. లేచేసరికి చేతికి కొండ లేదు. ఏది ఆకాశమో ఏది నేలో తెలియదు, అంతా సున్నం. ఎడమ పక్క ఎక్కడో లోయ. రెండడుగులు తప్పు వేస్తే నేనూ సిలిండరూ, ఆ నలుగురు పిల్లల తండ్రీ అందరం పోయినట్టే. నాకు భయం వేసింది. అబద్ధమెందుకు, ఏడ్చాను.

అప్పుడు కనపడింది కర్ర.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. కృష్ణపట్నం పోయే దారిలో మా ఇళ్లు పల్లంలో ఉంటాయి. కార్తీక మాసం తుఫానులకు మా బాట మునిగిపోతుంది. ఒక పక్క వరి మళ్లు, ఇంకో పక్క మనిషి మునిగే కాలవ. అన్నీ ఒకే నీళ్లయిపోతే గట్టు ఎక్కడో తెలియదు. మా నాయన ప్రతి ఏడూ సరుగుడు కర్రలు గట్టు పొడుగునా నాటేవాడు. మా ఇంటి దగ్గర మొదటిది, మెయిన్ రోడ్డు కల్వర్టు దగ్గర చివరిది. మొత్తం పదకొండు. ఒక్కోదానికీ పాత లుంగీ చించి పేలిక కట్టేవాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ కూలీ ఇవ్వలేదు. వాడకట్టంతా ఆ కర్రలు పట్టుకునే బడికీ, గుడి అని మేం పిలుచుకునే చర్చికీ పోయేది.

ఆయన చెప్పే మాట ఒకటే. “కర్ర చెప్పినట్టు నడువు రా, కళ్లు చెప్పినట్టు కాదు. ఇంకో కర్ర కనపడేదాకా చేతిలోది వదలబాక.” నాటిన కర్రను పీకితే మాత్రం ఆయనకు ఒళ్లు మండేది. పీకినోడికి కూడు పెట్టగూడదు అనేవాడు.

నా ముందున్నది అలాంటి కర్రే. నిలువెత్తు సరుగుడు కర్ర, పైన నీలం గళ్ల పేలిక. కింద క్యాంపు వాళ్లు గుర్తు కోసం నాటారనుకున్నాను. పట్టుకున్నాను. కాసేపటికి మంచు తెరలో ఇంకో పేలిక ఊగింది. పది అంగలు. దాన్ని పట్టుకున్నాను. ఇంకో పది అంగలకు మూడోది.

కర్రలు రోడ్డు వదిలి కిందికి పోతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. లోయ వైపు దిగుతున్నాను. రోడ్డు పైన ఉంది కదరా వెధవా అని నన్ను నేను తిట్టుకున్నాను. కానీ కాళ్లు వినలేదు. చిన్నప్పటి నుంచి కర్ర మాట విన్న కాళ్లు. అలవాటుగా లెక్కపెడుతూ పోయాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది. అక్కడినుంచి దారి మళ్లీ పైకి తిరిగింది.

పదకొండోది ఒక కట్ట అడుగున ఉంది. పైకి ఎక్కాలి. వీపున సిలిండర్, కాళ్లు జారుతున్నాయి, ఊతం లేనిదే కాదు. నాయన తిట్టు గుర్తొచ్చినా ఆ కర్రను పీకి, దాన్ని గుచ్చుకుంటూ ఎక్కాను. నాలుగో అడుగుకు చేతికి మా షెడ్డు మోకు తగిలింది.

సుదామ్ భాయ్ ముక్కుకు ఆక్సిజన్ పెట్టాం. పొద్దుగూకేసరికి పెదాలకు రంగు తిరిగింది. అంతలో బుఖారీ కొడిగట్టింది. గొట్టంలో కిరోసిన్ గడ్డకట్టింది. ఆ గొట్టాన్ని వేడి చేయడానికి షెడ్డులో కర్రముక్క లేదు. నేను తెచ్చిన కర్రను ఠాకూర్ గారు గొడ్డలితో చీల్చాడు. పేలికను వత్తి చేసి ముట్టించాం. బాగా మండింది. కిరోసిన్ కరిగి పొయ్యి మళ్లీ రాజుకుంది.

షెడ్డు నిండా సరుగుడు పొగ. మా పెరట్లో నీళ్లపొయ్యి వాసన. ఠాకూర్ గారు ఒక చెక్క చేతిలోకి తీసుకుని, ఇదేం చెట్టు, నేనెప్పుడూ చూడలేదే, ఇక్కడ యాభై కిలోమీటర్ల దాకా చెట్టే లేదు కదా, ఎక్కడిది అని అడిగాడు. కింద క్యాంపు వాళ్లదన్నాను.

మర్నాడు ఆకాశం తేటపడింది. బయటికి వచ్చి చూస్తే మేము పోయే రోడ్డు మలుపు దగ్గర లేదు. కొండ మీది మంచు చరియ దిగి దాన్ని ఊడ్చేసింది. నేను విన్న శబ్దం అదే. రోడ్డు పట్టుకుని వచ్చి ఉంటే ఆ మంచు మీదినుంచి జారి లోయలో పడేవాణ్ణి. నా అడుగులు అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. మలుపుకు ముందే రోడ్డు దిగి, చరియ కిందుగా అర్ధచంద్రంలా తిరిగి, మా షెడ్డు కట్ట ఎక్కాయి. అక్కడ నడవడానికి వీలైన చదును ఉందని మూడు చలికాలాల్లో మాలో ఎవరికీ తెలియదు.

అడుగులు నావే. ఇంకెవరివీ లేవు. మిగతా పది కర్రలు లేవు. గుచ్చిన గుంటలు కూడా లేవు.

కింద క్యాంపు వాళ్లను అడిగాను. వాళ్లెవరూ ఏమీ నాటలేదు. వాళ్ల సామానులో ఉన్నవి ఇనప గొట్టాలూ వెదురు బొంగులే. గాలి పలచనైన చోట బుర్ర లేనివి చూపిస్తుందని ఠాకూర్ గారు అన్నాడు. నేనూ ఒప్పుకున్నాను. కానీ బుర్ర చూపించిన కర్రను గొడ్డలితో చీల్చింది ఆయనే. దాంతో చలి కాచుకుంది మేము ముగ్గురం.

పది రోజుల తర్వాత రోడ్డు తెరిచారు. సుదామ్ భాయ్‌ని కింది ఆసుపత్రికి పంపి, ఫోన్ దొరికే చోటికి వెళ్లి ఇంటికి చేశాను. జరిగింది ఏమీ చెప్పలేదు. అమ్మ నవ్వుతూ మొదలుపెట్టింది.

“మీ నాయనకి మతి పోయింది రా పెద్దోడా. పోయిన ఆదివారం గాదు, అంతకు ముందు ఆదివారం. గుడి నుంచి వచ్చి కూడు గూడా తినకుండా కర్రల మోపు ఎత్తుకున్నాడు. ఎర్రటి ఎండ. బాటంతా దుమ్ము. వాన లేదు, వరద లేదు. మొత్తం నాటినాడు. జనం బండ్లు ఆపి నవ్వినారు.”

అన్నీ మళ్లీ పీకినాడా అని అడిగాను.

“సాయంత్రం పీకబోతే పదే ఉండాయంట. కల్వర్టు కాడిది లేదు. ఎదురింటి సుబ్బయ్య మామ పొయ్యిలో పెట్టుకున్నాడని పోయి జగడం ఏసుకున్నాడు. ఇద్దురికీ మాటల్లేవు ఇప్పుడు.”

నాయనను ఫోన్‌కు పిలవమన్నాను. ఎందుకు నాటావని అడిగాను.

“ఏమో రా. గుడిలో కూర్చోనుంటే కాళ్ల కింద నీళ్లు వచ్చినట్టు అనిపించింది. చల్లంగా, మోకాళ్ల దాకా. వాన రాబోతాదేమో అని నాటినా. నీకెందుకు అయ్యన్నీ, స్వెటరు ఏసుకుంటున్నావా?”

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చెబితే ఆయన పాస్టరు గారికి చెబుతాడు, నన్ను గుడిలో నిలబెట్టి సాక్ష్యం చెప్పమంటారు. ఏమని చెప్పేది? నాకే నమ్మకం లేని దాన్ని పదిమంది ముందు ఎలా నిలబెట్టేది? అదీగాక ఇలాంటివి నమ్మనన్న నా మాట మీద నాకున్న గౌరవం తక్కువేం కాదు. ఊరుకున్నాను.

ఊరుకున్నందుకు నష్టపోయింది ఇంకొకరు. సుబ్బయ్య మామా నాయనా ఒకే మడవ నీళ్లతో చేను పండించుకున్నవాళ్లు, చిన్నప్పటి నుంచి ఒకే బీడీ చెరిసగం తాగినవాళ్లు. ఒక్క కర్ర కోసం పన్నెండేళ్లు ఎదురెదురు ఇళ్లలో ఉండి మొహాలు చూసుకోలేదు. నాయన పంతం ఎంతటిదంటే, పదకొండో కర్రను మళ్లీ కొట్టుకు రానే లేదు. ఏటా పదే నాటి, కల్వర్టు దగ్గర చోటు ఖాళీగా వదిలేవాడు, ఊరందరికీ సుబ్బయ్య దొంగతనం కనపడాలని.

పోయిన వానాకాలం నాయనకు మోకాళ్లు పట్టేశాయి. బాట మునుగుతుంటే కర్రలు నేను నాటాను. కల్వర్టు దగ్గర ఇంకొకటి తెచ్చి పెడతానంటే, ఆయన అరుగు మీద నుంచే సుబ్బయ్య మామను తిట్టడం మొదలుపెట్టాడు. ఎదురింట్లో మామ దగ్గు వినపడింది. ఆయన కూడా మంచం పట్టే వయసులోనే ఉన్నాడు. ఇంక నాకు మనసు ఒప్పలేదు.

“నాయనా, ఆ కర్ర మామ తియ్యలా. నేను పీకినా” అన్నాను.

అన్నీ చెప్పాను. మంచు, సిలిండర్, పదకొండు పేలికలు, బుఖారీ. ఆశ్చర్యపోతాడనుకున్నాను. ప్రార్థన మొదలుపెడతాడనుకున్నాను. తన మోకాళ్లు తడుముకుంటూ అడిగాడు.

“బాగా మండిందా?”

“మండింది నాయనా. దాంతోనే పొయ్యి రాజుకునింది.”

“ఆ మనిషి బతికినాడా?”

“బతికినాడు. మొన్న నాలుగో కూతురికి పెళ్లి చేసినాడు.”

నాయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. నా భుజం పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో బాట దాటి సుబ్బయ్య మామ ఇంటి ముందు నిలబడ్డాడు. పన్నెండేళ్ల తర్వాత ఆ గుమ్మంలోకి తొంగిచూసి ఒకే మాట అన్నాడు.

“రే సుబ్బయ్యా, కర్ర దొరికింది రా.”

మామ మంచం మీద లేచి కూర్చుని, పక్కకు జరిగి చోటిచ్చాడు. అది ఎక్కడ దొరికిందో ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. నన్ను అడిగినా చెప్పలేను. అది అంత దూరం ఎలా వచ్చిందో నాకూ తెలియదు.