లక్క హారతి

నా చిన్నప్పుడు శాలువా కప్పుకున్న మనిషి కనబడితే చేతులు జోడించేదాన్ని. ఇప్పుడు ముక్కు మూసుకుంటాను. మనవరాళ్ళు నవ్వుతారు, ముసలిదానికి చాదస్తం ముదిరిందంటారు. ముదిరితే ముదిరింది. దానికి కారణం మా ఇంట్లోనే పుట్టింది కాబట్టి ఎవరినీ ఏమీ అనలేను.

మా తాత నల్లగొండలో సైకిళ్ళు చేసేవాడు. బాగుచేయడం కాదు, చేయడం. చక్రాలు, గొలుసు, పెడళ్ళు పట్నం నుంచి వచ్చేవి కానీ ఫ్రేము మాత్రం మా పెరట్లోని రేకుల షెడ్డులో, మా కొలిమి మీద తయారయ్యేది. మాది కమ్మరి ఇల్లు. నాగళ్ళకు కర్రులు సాగదీసిన కొలిమి మీదే ఆయన ఇనుప గొట్టాలు అతికే పని నేర్చుకున్నాడు. గొట్టాలు కలిసే చోట ఒక తొడుగు ఉంటుంది. గొట్టాన్ని అందులో దూర్చి, కదలకుండా చిన్న మేకు కొట్టి, ఎర్రగా కాల్చి, వెలిగారం చల్లి, ఇత్తడి కరిగించి పోయాలి. ఆ ఇత్తడి సందుసందుకూ పాకితేనే అతుకు అతుకు. మేకు ఉండేది పని అయ్యేదాకా గొట్టాన్ని పట్టుకోవడానికి మాత్రమే.

సైకిల్ కావాలని వచ్చినవాణ్ని మా తాత మొదట అడిగే మాట "ఏం మోస్తవ్?" అని. పాలక్యాన్లా, బట్టల మూటలా, పెండ్లాం పిల్లలా? అది తెలుసుకున్నాకే దారం పట్టుకుని కాలి పొడవు కొలిచేవాడు. పంతులు ఎక్కే బండి వేరు, గడ్డిమోపు కట్టే బండి వేరు. ఏటా దసరాకు ఆయన చేసిన సైకిళ్ళన్నీ మా వాకిట్లోకి రావాలని ఒక కట్టుబాటు కూడా పెట్టాడు. సుత్తె, ఆకురాయి, పటుకారుతో పాటు వాటికీ బొట్టు పెట్టి, బంతిపూలు కట్టి, కర్పూర హారతి ఇచ్చేవాడు. పనిలో పనిగా ప్రతి అతుకూ వేలితో తడిమి చూసుకునేవాడు. వచ్చినవాళ్ళకు మా అవ్వ, అంటే నాయనమ్మ, శనగ గుడాలు ఉడికించి పెట్టేది.

వయసు అరవై దాటేసరికి ఆయన కళ్ళకు పొర కమ్మింది. పట్నం దవాఖానలో ఆపరేషన్ చేయించుకుని, ఎండాకాలమంతా కళ్ళకు పచ్చగుడ్డ కట్టుకుని గదిలో పడుకున్నాడు. పెద్దకొడుకైన మా బాపు బడిపంతులు, కొలిమి జోలికి రాడు. అందుకని అన్నాళ్ళూ షెడ్డు మా చిన్నాయన చేతిలో ఉంది. అద్దాలు పెట్టుకున్నా ఇత్తడి కరిగే రంగు తెలియడం లేదని, ఈ దసరాతో పని చాలిస్తానని, సుత్తె చిన్నకొడుక్కి అప్పజెబుతానని తాత చెప్పాడు. చిన్నాయన సంబరానికి పట్టపగ్గాలు లేవు. ఊరి పెద్దలను పిలిచి సన్మానం చేయిస్తానన్నాడు. రెండు శాలువాలు తెప్పించాడు, ఒకటి తండ్రికి, ఒకటి తనకు.

అవి బతుకమ్మ రోజులు. నేను తంగేడు పూలు కోసుకుని ఇంటికి వచ్చేసరికి, పానగల్ నుంచి మాకు పాలు పోసే ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆ ఎండాకాలంలో మా షెడ్డులో కొన్న సైకిల్ ఆయన భుజం మీద ఉంది. ముందు భాగంలో రెండు గొట్టాలు తొడుగుల్లోంచి ఊడి వేలాడుతున్నాయి. చెరువు కట్ట దిగుతుంటే విరిగి బోర్లా పడ్డాడట. పై పెదవి చీలింది, ముందరి పళ్ళు లేవు. చొక్కా మీద నెత్తురూ పాలూ కలిసి అట్టకట్టి ఈగలు ముసురుతున్నాయి. ఆ నోటితో ఆ మనిషి మా తాతను క్షమాపణ అడుగుతున్నాడు.

"తప్పు నాదే పెద్దనాయినా. పండుగ గిరాకని ఇంకో క్యాను ఎక్కువ కట్టిన. నువ్వు చేసిన బండిని ఖరాబు చేసిన."

తాత నోరు తెరిచేలోపే చిన్నాయన అందుకున్నాడు. "గదే మరి! గంత బరువేస్తె ఏ బండి ఆగుతది? జర సోయుండాలె" అన్నాడు. అని, పాపం అన్నట్టు తల కూడా ఆడించాడు.

తాత ఊడిన గొట్టం చివర గోటితో గీరాడు. నల్లరంగు లేచిపోయింది. దాని కింద ఇత్తడి లేదు, లక్క ఉంది, గాజులవాళ్ళు వాడే లక్క. కొలిమి రాజేసే ఓపిక లేనివాడు మేకు కొట్టి, సందులో లక్క నింపి, నున్నగా గీకి రంగేస్తే తెలిసినవాడి కంటికి కూడా ఆనదు. ఆ మేకు కొన్ని నెలలు మోసి, ఒకనాడు పుటుక్కుమంటుంది. తాత తన గోరు వాసన చూసుకున్నాడు. బండి అక్కడే పెట్టమని, మా బాపును తోడిచ్చి పాలాయనను దవాఖానకు పంపాడు. తర్వాత తలుపు వేసి కొడుకును నిలబెట్టాడు.

చిన్నాయన మొదట బరువే కారణమన్నాడు. తర్వాత లక్క తానే పెట్టానన్నాడు, కానీ ఒక్క బండికే, అవ్వ మీద ఒట్టు అన్నాడు. మా అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, పండగపూట రచ్చ వద్దు, కొత్త బండి చేసి పాలాయనకు ఊరకే ఇచ్చేద్దాం అంది. "కాళ్ళు మొక్కి తీస్కపోతడు" అని కూడా అంది. నిజమే, మొక్కేవాడే. పళ్ళు రాలగొట్టి దండం పెట్టించుకునే ఏర్పాటు అది. నాకు గుడాలు పెట్టిన చేయి, జడలు వేసిన చేయి ఆమెది. ఆ పూట ఆమె కలిపిన ముద్ద నేను ముట్టలేదు.

ఎండాకాలంలో షెడ్డు నుంచి పోయిన బండ్లు ఇంకెన్నో ఉన్నాయి. వాటిలో లక్కవి ఏవో రంగు మీద చూసి తాత చెప్పలేడు. చెప్పగలిగినవాడు ఒట్లు వేస్తున్నాడు. ఈలోగా వాటి మీద ఎవరో ఒకరు ఏదో ఒక వాలు దిగుతూనే ఉంటారు. ఆ దినాల్లో ఆయన అన్నం సరిగా తినలేదు.

దసరా రోజు వాకిలి నిండా సైకిళ్ళు. పాలాయన కూడా మూతికి గుడ్డ కట్టుకుని వచ్చి ఒక మూలన కూర్చున్నాడు. ఆయన విరిగిన బండి గోడకు ఆనించి ఉంది. పెద్దమనుషులు వచ్చారు, శాలువాలు కప్పారు. మా చిన్నాయన తండ్రి పక్కన పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. ఒకాయన మా ఇంటి నిజాయితీ గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆయన పాన్ ఉమ్మినప్పుడల్లా మా అరుగు ఎర్రబడింది.

మా అవ్వ కర్పూరం తెచ్చేసరికి తాత వద్దన్నాడు. "కొలిమి అప్పజెప్పే దినం ఇయ్యాల. కొలిమి నిప్పుతోనే హారతి. కొత్త మేస్త్రి ఇస్తడు" అన్నాడు. జనానికి ఆ మాట నచ్చింది. చిన్నాయన పటుకారుతో ఎర్రటి నిప్పు పట్టుకుని, మొదటి బండి అతుకు కింద ఆడించాడు. అది ఒక పంతులుగారి పాత సైకిల్, తాత చేతిది. రంగు కొంచెం పొంగింది, అంతే. రంగు తానే మళ్ళీ వేస్తానని తాత ముందే చెప్పాడు. జనం ఆ నిప్పు సెగను భక్తిగా కళ్ళకు అద్దుకున్నారు.

కొన్ని బండ్లు అట్లాగే అయ్యాయి. ఒక బండి దగ్గరికి వచ్చేసరికి చిన్నాయన చేయి జానెడు దూరంలో ఆగింది. అక్కడి నుంచే గబగబా తిప్పేసి పక్క బండికి పోబోయాడు. అప్పుడు తెలిసింది ఆయనకు, తన చేతికి ఆ పటుకారు ఎందుకు ఇచ్చారో. దొంగకు తేలు కుట్టినట్టయింది. తాత ఆ చేతి మణికట్టు పట్టుకున్నాడు.

"జర దగ్గరికి పట్టు" అన్నాడు.

మొదట రంగు బుడగలుగా లేచింది. తర్వాత తొడుగులోంచి తీగపాకంలా లక్క సాగి కింద పడింది. నిప్పు మీద పడిన చుక్క భగ్గుమని నల్లగా పొగలేచింది. ఆ కంపు చెప్పలేను. లక్క, రంగు, బంతిపూలు అన్నీ కలిసి కాలిన కంపు. కళ్ళకు అద్దుకోవడానికి చేతులు చాచినవాళ్ళు అవే చేతులతో ముక్కులు మూసుకున్నారు. తాత గొట్టం పట్టుకుని లాగితే మేకుతో సహా చేతిలోకి వచ్చేసింది. వాకిలంతా అట్లాగే నడిచారు తండ్రీకొడుకులు. చేయి ఎక్కడ వెనక్కి తగ్గితే అక్కడ లక్క కారింది. ఒక బండి చిన్నపిల్లను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోయే ఆయనది. ఆయన అక్కడే వాంతి చేసుకున్నాడు.

చివరికి తాత పాలాయన ముందుకు పోయాడు. ఆయన గాభరాగా లేచి నిలబడి, అయినా క్యాను ఎక్కువ కట్టింది తానే కదా అని మళ్ళీ మొదలుపెట్టాడు. తాత తన భుజాల మీది శాలువా తీసి పక్కన పెట్టి, ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"తప్పు నీది కాదు కొడుకా. నా ఇంటిది" అన్నాడు, అందరికీ వినబడేటట్టు.

పాలాయన తల ఎత్తి మొదటిసారి మా చిన్నాయన వైపు చూశాడు. చిన్నాయన చేతిలోని పటుకారు కింద పడింది.

ఆ పండగంతా కొలిమి ఆరలేదు. ఊడిన బండ్లన్నిటినీ తాత తన కొడుకు చేతనే, ఎవరి బండిని వాళ్ళ ఎదుటే, ఇత్తడి పోసి అతికించాడు. పాలాయన ఫ్రేము అన్నిటికన్నా చివర అయింది. ఇక గండం గడిచిందని, సుత్తె తనదేనని మా చిన్నాయన అనుకున్నట్టున్నాడు, పని చేస్తూ పక్కన పడేసిన శాలువాను దులిపి భుజాన వేసుకున్నాడు. తాత బావి దగ్గరికి పోయి బొక్కెనతో నీళ్ళు తెచ్చి కొలిమిలో పోశాడు. కమ్మరింట కొలిమిలో నీళ్ళు పోయడమంటే ఎంత మాటో మా అవ్వ ఏడుపు వింటే తెలిసేది. ఆ షెడ్డు తలుపు మళ్ళీ తెరవలేదు.

ఇక ఊరి సంగతి వినండి. ఆ కంపు పీల్చినవాళ్ళే వారం తిరక్కముందే మాట మార్చారు. కన్నకొడుకు పరువు తీసిన ముసలోడు అన్నారు. కులపెద్దలు వచ్చి తాతకే బుద్ధులు చెప్పి, మా ఇంట్లోనే తిని పోయారు. చిన్నాయన అలిగి షాద్‌నగర్ పోయి కంపెనీ సైకిళ్ళ దుకాణం పెట్టాడు, బాగా సంపాదించాడు. పాపం ఎంత కష్టపడి పైకొచ్చాడో అని ఆయన గురించి చెప్పుకునేవారు. ముందరి పళ్ళు లేకుండా పాలాయన జొన్నరొట్టె ఎట్లా తింటున్నాడని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. మనుషుల మీద నాకు కలిగిన ఏవగింపు ఆ రోజులదే, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మా బాపు కూడా ఒకనాడు తాతను మెల్లగా అడిగాడు, గుట్టుగా బండ్లు వెనక్కి తెప్పించి సరిచేస్తే పోయేది కదా అని. తాత అద్దాలు తీసి తుడుచుకుంటూ చెప్పాడు. "బండి ఇస్తె బండి వస్తది. గని గా పాలాయిన సచ్చేదాంక తప్పు నాదే అనుకుంట బతుకుతుండె. పండ్లు పోయినయ్. గా తప్పు గూడ గాయిన నెత్తినేనా?"

నేను కాపురానికి పోయాక, మా పెద్దోడు ఆటలో తోసేస్తే పక్కింటి పిల్ల చేయి విరిగింది. ఆ పిల్ల ఏడుస్తూ, తానే అడ్డం వచ్చానని చెబుతోంది. మా అత్తగారు నన్ను లోపలికి రమ్మని కళ్ళతో సైగ చేస్తోంది. నేను పోలేదు. ఆ పిల్ల ముందు కూర్చుని, తప్పు నీది కాదు బిడ్డా, మావాడిదని వాళ్ళ అమ్మానాన్నల ఎదుటే చెప్పాను. అత్తగారు చాలాకాలం నాతో మాట్లాడలేదు. మా పెద్దోడికైతే ఆ కోపం ఇప్పటికీ ఉంది. ఆ పిల్ల మాత్రం ఏడుపు ఆపింది.