పుటప్ భావనారాయణగారు

భావనారాయణగారికి లోకంలో ఒకే ఒక్క పిచ్చి. అది ‘పుటప్’ అనే ఇంగ్లీషు మాట. ఆఫీసు గాలి సోకినవాళ్లెవరికైనా ఆ మాట తెలుసు. గుమాస్తా ఫైలు రాసి పై అధికారి బల్ల మీదికి పంపిస్తే పుటప్ చేశాడంటారు, అంతటితో మరిచిపోతారు. ఈయన మాత్రం ఉడుంపట్టు పట్టారు.

నాంపల్లి స్టేషను వెనక సందులో, కిరాయి మేడ మీద రెండు గదుల్లో ఉండేది పరిభాష విభాగం. ప్రభుత్వ కచేరీల్లో వాడే పన్నెండు వందల ఇంగ్లీషు మాటలకు తెలుగు కుదర్చడం దాని పని. బాపట్ల నుంచి వచ్చిన భావనారాయణగారు దానికి సూపరింటెండెంటు, దుర్గయ్య అటెండరు. గౌలిగూడ అహల్య 1964 జూలైలో తాత్కాలిక టైపిస్టుగా చేరింది. చేరిన రోజున ఆయన ఆమె పేరైనా అడగకుండా, ఎక్కడ పుటప్ అయ్యావమ్మాయ్ అని అడిగారు. గౌలిగూడలో సార్ అంది. ఆయన ఆ ముక్క చీటీ మీద రాసి, బిస్కెట్ డబ్బాలో వేసి మూత పెట్టారు. అహల్య నిర్ఘాంతపోయింది. మూడేళ్లలో అలా ఎన్నిసార్లు నిర్ఘాంతపోయిందో ఆమెకే లెక్క తెలియదు.

ఆ మాట పుట్టుక మీద ఆయనకు వారానికో సిద్ధాంతం. ఒక వారం, దొరలు మేడ మీద కూర్చునేవారు గనుక కాగితం మెట్లెక్కడమే పుటప్ అనేవారు. మరో వారం ఎక్కడో చదివి వచ్చి, పుట్ అంటే పూర్వం నెట్టడమట, తన నెత్తి మీది బరువును పైవాడి నెత్తికి నెట్టడమే ఆఫీసంటే అని తేల్చేవారు. గోడ మీద సినిమా పోస్టరు అంటించడం పుటప్, గొడుగు విప్పడం పుటప్, ఇల్లు అమ్మకానికి పెట్టడం పుటప్. పన్నెండో చీటీ మీద భార్య గురించి ఇలా ఉండేది: ‘సహించు. ఉదాహరణ: మా శేషారత్నం నన్ను.’

ఒకరోజు స్టేషను దగ్గర ఆయన నెత్తిన ట్రంకు పెట్టె చూసి అహల్య గుండె ఆగినంత పనైంది. ఎవరో ప్రయాణికుణ్ణి, తమరెక్కడ పుటప్ అవుతారు అని అడిగారట. అతను ఈయన్ని లాడ్జి మనిషనుకుని పెట్టె నెత్తికెత్తాడు. జవాబు చీటీకి ఎక్కాలి కదా అని ఈయన లాడ్జి దాకా మోసుకెళ్లారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, అహల్యకు లోపల దిగులు. తండ్రిది ఉబ్బసం, ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె జీతంతోనే. పదకొండు వందల తొంభై తొమ్మిది మాటలు ఎప్పుడో అయిపోయాయి. మిగిలిన ఒక్కదానికోసం ఆలస్యమెందుకని పైనుంచి రెండు మెమోలు వచ్చాయి. ఈయన పిచ్చి వల్ల చేతకాని సెక్షనని పేరుపడి తన నౌకరీ ఊడుతుందేమోనని ఆమె భయం.

1967 ఏప్రిల్‌లో తనిఖీకి అమరేశ్వరరావుగారనే అధికారి వస్తున్నారని తెలిసింది. అహల్య ఎవరికీ చెప్పకుండా మొత్తం జాబితా సాపు చేసి, పుటప్‌కు ఎదురుగా ‘సమర్పించు’ అని తానే టైపు కొట్టేసింది. అధికారి కుర్చీలో కూర్చోగానే, జాబితా పూర్తయింది సార్ అని కట్ట పట్టుకుని ముందుకొచ్చింది.

“ఇలా ఇవ్వమ్మా, ఒకసారి చూసి అయ్యగారికిస్తాను,” అన్నారు భావనారాయణగారు.

తీసుకుని, నిండు కప్పు చాయ్ దాని మీద వంచేశారు. అసలు ప్రతీ, కార్బన్ ప్రతీ కలిసి ముద్దయ్యాయి. చెయ్యి జారిందండీ అన్నారు. ఆ చెయ్యి వణకనైనా లేదని అహల్య కళ్లారా చూసింది.

“అయినా చివరి మాట ఇంకా తేలలేదులెండి,” అంటూ ఆయన డబ్బా మూత తీశారు. నలభై ఒక్క చీటీలు బల్లంతా పరిచారు.

సమర్పించు అంటే సరిపోదా అని అధికారి విసుక్కున్నారు.

“సరిపోతుందండి. తమరు ఊళ్లో ఎక్కడ దిగారు?”

“కాచిగూడ లాడ్జిలో.”

“దాన్నీ పుటప్ అనే అంటారండి. తమరిని లాడ్జిలో సమర్పించారని రాయమంటారా?”

పదిహేనో చీటీ దగ్గర అధికారి చెమట తుడుచుకున్నారు. ఇరవయ్యో చీటీకి మూడు నెలల గడువిచ్చి, మూడో మెమో రాసి, మెట్లు దిగిపోయారు.

అహల్య కోపంతో ఏడుస్తూ వరండాలో నిలబడింది. దుర్గయ్య దగ్గరికొచ్చాడు.

“ఏంది అహల్యమ్మా, గింత పని చేసినవ్? గా మాట తెగేదాంకనే గీ సెక్షను. తెగిందంటే బంద్. జూలైల నీకు మూడేండ్లు నిండుతయి, గప్పుడు ఖాయం చేస్తరు. పోయినేడు నాకు గిట్లనే అయింది. నీకు చెప్తే మొహమాటపడి నౌకరి ఇడిసిపెడ్తవని సారు చెప్పొద్దన్నరు.”

‘పన్నెండు వందల మాటలు పూర్తయ్యేవరకు’ అన్న షరతు ఆర్నెల్లకోసారి పంపే సెక్షను పొడిగింపు ఉత్తరంలో ఉంది. ఆ ఉత్తరం కొట్టింది అహల్యే. టైపు కొట్టేవాళ్లు చదవరు. తన కూటిలో తానే మన్ను పోసుకోబోయానని ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది.

జూలై పదిహేనున ఆమెను ఖాయం చేస్తూ ఆర్డరు వచ్చింది. భావనారాయణగారు దాన్ని రెండుసార్లు చదివి, దుర్గయ్యను చాయ్‌కి పంపి, కలం తీసి అరనిమిషంలో ‘సమర్పించు’ అని రాసేశారు.

“నేను కొట్టింది గూడ గదే కద సార్?”

“అదే. మూడు నెలలు తొందరపడ్డావంతే.”

“మరి గా మెమోలు?”

“అన్నీ నా పేరునే కదమ్మా వచ్చాయి. నీ పేరున రాలేదు కదా.”

సెక్షను మూసేశారు. ఆయన్ని ప్రమోషను లేకుండా వేరే ఆఫీసుకు పంపారు. తనకోసం ఇన్నాళ్లూ పిచ్చి నటించిన మహానుభావుడని అహల్య మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

ఏడాది తిరిగాక ఒక ఆదివారం ఆబిడ్స్‌లో, పాత పుస్తకాల కుప్ప ముందు ఆయన గొంతుక్కూర్చుని కనిపించారు. అహల్యను చూసి బాగున్నావా అని కూడా అడగలేదు.

“నలభై రెండోది దొరికిందమ్మాయ్. ఊరగాయ జాడీకెత్తడాన్ని కూడా పుటప్ అంటారట,” అని ఓ చిరిగిన వంటల పుస్తకం చూపించారు.

“సెక్షను బందైంది గద సార్. ఇంకెందుకు?”

“సెక్షనుకూ దీనికీ ఏమిటి సంబంధం?” అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

అహల్య ఆఖరుసారిగా నిర్ఘాంతపోయింది. తర్వాత కాస్త సిగ్గుపడుతూ సంచిలోంచి మూడు చీటీలు తీసి ఆయన చేతిలో పెట్టింది, కొత్త ఆఫీసులో తను రాసుకున్నవి. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివి, రెండు తన దగ్గర ముందే ఉన్నాయన్నారు. మూడోది మాత్రం భద్రంగా జేబులో పెట్టుకున్నారు.