చిన్నాయన రాయని జాబు

'ఆ రోజుల్లో' అని నేను నోరు తెరిస్తే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. "నీకు ఆ రోజులంటే ఏవి, మొన్నటివే కదా" అంటారు. నిజమే. నేను చెప్పబోయేది అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేసిన కాలం సంగతే. కానీ మొదటి ఉద్యోగం చేసిన రోజులు ఎవరికైనా తొందరగా పాతబడిపోతాయనుకుంటాను. అప్పటి ఫోటో చూస్తే ఆ నూనె రాసిన జడ, మెడలో ఆ పెన్‌డ్రైవు (అవును, మెడలోనే, తాడు కట్టి వేసుకొనేదాన్ని), ఆ తల ఎత్తడం చూసి, ఈ పిల్ల ఎవరబ్బా అనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటి ఉండొచ్చన్న సంగతే నాకు తెలియదు.

బీసీఏ ముగించి, బెంగళూరు కంపెనీలు పిలుస్తాయని ఎదురుచూస్తూ కూర్చుంటే, "ఊరికే కూర్చొని గోడలు చూసే బదులు మీ చిన్నాయన దగ్గరికి పో" అని మా నాయన నన్ను కెంచార్లహళ్ళి దగ్గరుండే నర్సరీకి పంపించినాడు. టొమాటో, క్యాప్సికం, క్యాబేజీ నారు పెంచి రైతులకిచ్చే నర్సరీ అది. నారు సంగతి చిన్నాయన చూసుకొనేవాడు, ఆర్డర్ల సంగతి చిన్నమ్మ. ఆఫీసంటే ఒక రేకుల గది, ఒక బల్ల, కరెంటు ఉన్నప్పుడు తిరిగే ఫ్యాను, అందరికీ కలిపి ఒక ఫోను. నేను చేరిన కొత్తలోనే ఎవరో బెంగళూరాయన నర్సరీకి వెబ్‌సైటు చేసిచ్చి, దాంతోపాటు చిన్నాయన పేరున ఒకటి, చిన్నమ్మ పేరున ఒకటి ఈమెయిల్ కూడా ఇచ్చినాడు. వాటిని ఆఫీసు ఫోన్లోకి తెచ్చే భారం నామీద పడింది.

ఫోన్‌తో వచ్చిన మెయిల్ యాప్ ఎంత బతిమాలినా ఆ అకౌంట్లను ఒప్పుకోలేదు. కాలేజీలో నాతో చదివిన స్నేహితురాలు ఇంకో యాప్ పేరు చెప్పింది. ఓపెన్ సోర్సు, ఊరికే దొరుకుతుంది, ప్రకటనలు ఉండవు. 'ఊరికే' అన్న మాట వినగానే చిన్నాయన కనుబొమలు ముడిపడినాయి.

"ఊరికే ఎవురిస్తారమ్మా? దాని వెనకాల ఏదో ఒకటి ఉంటాది."

"వెనకాల ఏమీ లేదు చిన్నాయనా. దాన్ని ఎట్ల చేసినారో ఎవురైనా తెరిచి చూడొచ్చు. బాగలేకుంటే దిద్దొచ్చు. ఇంకొకరికి ఇయ్యొచ్చు."

ఆయన కనుబొమలు విప్పి, "ఓ, నాటు విత్తనం మాదిరి అను. ఒకరింట్లో మొలిస్తే పదిమందికీ పంచేది. కంపెనీ విత్తనం కాదు. అట్లయితే పెట్టు" అన్నాడు. మూడేళ్ళు అర్థమైనట్టు తలూపిన మా క్లాసులో కూడా ఇంత తొందరగా ఎవరికీ అర్థం కాలేదు.

పెట్టడం మాత్రం అంత సులువు కాలేదు. వచ్చే జాబులకు ఒక సర్వరు, పోయే జాబులకు ఇంకో సర్వరు; వాటికి పేర్లు, నంబర్లు, భద్రత ఏ రకమో చెప్పడం. వచ్చేవి వచ్చినాయి, పోయేవి పోలేదు. నేను 'సర్వరు ఒప్పుకోలేదు' అన్నప్పుడల్లా చిన్నాయన, "తాలూకా కచేరిలో మాదిరి ఇదీ రేపు రండి అంటాదా?" అని అడిగేవాడు. చివరికి బెంగళూరాయనకు ఫోన్ చేస్తే, యూజర్‌నేమ్ అన్నచోట ఉత్త పేరు కాదు, మెయిల్ అడ్రసు మొత్తం రాయాలని చెప్పినాడు. రాసినాను. పోయింది!

పరీక్షకని చిన్నాయన అకౌంటు నుంచి చిన్నమ్మకు ఒక జాబు పంపుదామన్నాను. ఏం రాయాలని అడిగితే ఆయన గొంతు సవరించుకొని, "టిఫిన్ అయిందా అని రాయి" అన్నాడు. ఫోను టింగుమంది. పక్కనే నిలబడిన చిన్నమ్మ చదివి, "పొద్దున్నుంచీ ఈడనే ఉండానే. నోటితో ఒక్కసారైనా అడిగినావా?" అంది. నేను రెండు అకౌంట్ల జాబులూ ఒకేచోట కనిపించేటట్టు పెట్టి, ఫోను వాళ్ళ చేతికిచ్చి, రాజ్యం గెలిచినట్టు బయటికొచ్చినాను.

ఇప్పుడు పరగోడు మామ సంగతి చెప్పాలి. ఆయన చిన్నమ్మకు సొంత అన్న, వాళ్ళ ఊరు పరగోడు, బాగేపల్లిలో ఒక బడికి హెడ్‌మేష్ట్రు. అరచేతిలో టెంకాయ పెట్టుకొని పొలమంతా నడిచి, అది లేచి నిలబడిన చోట బోరు వేయమని చెప్పే విద్య కూడా ఆయనకుంది. చిన్నాయన పొలంలోనూ అట్లే చెప్పినాడు. అక్కడ ఎంత లోతుకు పోయినా దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అంతవరకూ ఎవరూ ఏమీ అనుకోలేదు (మా వైపు దుమ్ము రావడం వింత కాదు కదా). కానీ ఆ తర్వాత ఒక నామకరణం భోజనాల్లో చిన్నాయన నలుగురి మధ్య, "టెంకాయ లేచి నిలబడింది నిజమేనప్పా. నీళ్ళన్నీ దాంట్లోనే ఉండె, ఇంక భూమిలో యాడ ఉంటాయి?" అనేసినాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. మామ ఆకు ముందునుంచి లేచి, చెయ్యి కడుక్కొని వెళ్ళిపోయినాడు. అంతే, ఏళ్ళు గడిచినా మళ్ళీ ఆ గడప తొక్కలేదు. చెల్లెలితో ఫోన్లో మాట్లాడతాడు గానీ, ఆమె ఇంటికి రమ్మని ఎత్తుకుంటే ఫోన్ పెట్టేస్తాడు.

నేను మెయిల్ పెట్టిచ్చిన నెలలోనే నర్సరీలో నారుకు నీడనిచ్చే కొత్త షేడ్‌నెట్ వేసి శుక్రవారం పూజ పెట్టుకున్నారు. చిన్నమ్మకు ఆలోచన వచ్చింది. అన్న ఫోను పెట్టేస్తాడు సరే, మెయిల్ మాత్రం పెట్టేయలేడు. ఇలాఖా, అంటే వాళ్ళ విద్యాశాఖ, ఆదేశాలన్నీ మెయిల్లోనే పంపుతుంది కాబట్టి, మెయిల్ అంటే ఆయన మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా చదివే మనిషి. ఎవరూ లేనప్పుడు ఆమె ఫోను తీసుకొని నారు ట్రేల మధ్యకు పోయి, మైకు గుర్తు నొక్కి చెప్పింది. మన మాటను ఫోను దానికి తెలిసిన పుస్తకాల తెలుగులోకి మార్చి రాసుకుంది:

"అన్నా, ఎలా ఉన్నావు? ఫోనులో చెబితే పెట్టేస్తావని రాస్తున్నాను. నవ్వులాటకు అన్న మాట ఇంత దూరం తెస్తుందని అనుకోలేదు. నువ్వు తినకుండా లేచిపోయిన ఆకు ఇంకా నా కళ్ళలోనే ఉంది. శుక్రవారం పూజ. నువ్వు లేకపోతే నాకు చేసినట్టే ఉండదు. వచ్చి నాలుగు ముద్దలు తిని పో."

పేరు పెట్టలేదు. తన అకౌంటు నుంచి పోతున్న జాబుకు పేరెందుకు అనుకుంది.

మరుసటి రోజు చిన్నాయన ఫోను పట్టుకొని ఆఫీసులోకి వచ్చినాడు. ముఖంలో రంగు లేదు. "ఏమ్మా, ఇది చూడు. మీ మామ నాకు జాబు రాసినాడు" అన్నాడు. పైన, బడి అలవాటు ప్రకారం, 'విషయం: పూజకు హాజరు కావడం గురించి' అని ఉంది. కింద ఇట్ల ఉంది: "నీ జాబు చేరింది. రెండుసార్లు చదివినాను. చింతామణి హాస్టల్లో నువ్వు నాకు జూనియరుగా ఉన్నప్పుడు అన్నా అని పిలిచేవాడివి. నా చెల్లెల్ని చేసుకున్నాక బావా అన్నావు. ఆ పాత పిలుపు మళ్ళీ వింటానని అనుకోలేదు. వస్తాను."

"నేను యాడ రాసినానమ్మా?" అన్నాడు చిన్నాయన.

ఫోన్లో పోయిన జాబులుండే పెట్టె తెరిచినాను. అక్కడ ఉండాది, చిన్నమ్మ జాబు, చిన్నాయన పేరు కింద. అప్పుడు తెలిసింది నాకు. రెండు అకౌంట్లూ కలిసి ఉన్నచోట కొత్త జాబు మొదలుపెడితే, మనం మార్చకపోతే, మొదట చేర్చిన అకౌంటు పేరు మీదనే పోతుంది. మొదట చేర్చింది చిన్నాయనది. ఒక సంసారం నా వల్ల కూలిపోయిందనుకొని ఏడుపు మొదలుపెట్టినాను. చిన్నమ్మ పరుగెత్తుకొచ్చి, చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడకు ఆనుకుంది.

చిన్నాయన స్టూలు మీద కూర్చొని తన పేరు మీద పోయిన ఆ జాబును మొదటినుంచి చదివినాడు. 'ఆకు' దగ్గర ఆగినాడు.

"దీన్ని వెనక్కి తీసుకొనేకి అయితాదామ్మా?"

"అయ్యేది లేదు చిన్నాయనా" అన్నాను వెక్కుతూ.

"మంచిది" అన్నాడు. "ఇంకోసారి చదివి వినిపీ. ఆయప్ప వచ్చి అడిగితే నేనేం రాసినానో నాకు తెలిసుండొద్దా?"

శుక్రవారం మామ ఇస్త్రీ చొక్కా వేసుకొని చింతామణి బస్సు దిగి, ఆటోలో వచ్చినాడు. చిన్నాయన గేటుదాకా పోయినాడు. ఏ పిలుపుతో పిలవాలో తెలియక, "రా... రాప్పా... రా" అని, ఆయన చేతిలో సంచి లాక్కున్నాడు. పూజ అయింది. ఆకులు వేసినారు. మామ తినే ప్రతి ముద్దనూ చిన్నమ్మ కళ్ళతో లెక్కపెడుతున్నట్టు నిలబడింది. ఆయన రెండోసారి పప్పు వేయించుకున్నాక, చిన్నాయన ఇంక ఉండబట్టలేక చెప్పేసినాడు.

"ఆ జాబు నేను రాయలేదు. నీ చెల్లెలు రాసింది. ఈ పిల్ల ఏదో పెట్టింది, నా పేరు మీద పోయింది."

వడ్డించే చేతులన్నీ ఆగినాయి. నేను మజ్జిగ గిన్నె పట్టుకొని, ఎటు పారిపోవాలా అని చూస్తున్నాను. మామ ముద్ద కలుపుతూనే ఉన్నాడు.

"చదివినావా దాన్ని?"

"చదివినా."

"అందులో కాదనేది ఏమన్నా ఉండాదా?"

చిన్నాయన తలొంచుకొని, "ఒక్క మాటా లేదు" అన్నాడు.

"అయితే నీదే. మా బడిలో కూడా ఆర్డరు టైపు చేసేది గుమాస్తా. ఒప్పుకొన్నోడిదే ఆర్డరు." ఆయన నావైపు తిరిగి, "మజ్జిగ పొయ్యమ్మా" అన్నాడు. సగం ఆకులో, సగం ఆయన చేతిమీద పోసినాను.

ఆ సాయంత్రం మామను బస్సెక్కించి వచ్చినాక, "ఆ పేరు తికమక దిద్దమ్మా. ఆమె రాసేది ఆమె పేరుతోనే పోవల్ల" అన్నాడు చిన్నాయన. దిద్ది ఇచ్చినాను. ఫోను తీసుకొని స్టూలును గోడవైపు తిప్పుకొని కూర్చున్నాడు. ఒక్క వేలితో టకటకమని, ఆగి, మళ్ళీ టకటకమని. మధ్యలో ఒక్కసారి మాత్రం తిరిగి, "అదేమ్మా, నిలువుగా గీత ఉండి కింద చుక్క ఉంటాదే, ఆ గుర్తు యాడుండాది?" అని అడిగినాడు. చూపించినాను. ఆశ్చర్యపడేంత మాట రాస్తున్నాడో, ఎవరినైనా పిలుస్తున్నాడో అని మెడ చాచబోతే, ఫోనును గుండెకు ఆనించుకున్నాడు. తర్వాత జాబు పోయిన చప్పుడు వినపడింది. మామకేనా అని అడగాల్సిన పని లేదు.

ఇప్పుడు చిక్కబళ్ళాపురంలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. రోజూ ఎవరిదో ఒకరిది మెయిలు పనిచేయడం లేదని నా దగ్గరికే వస్తారు. వాళ్ళ అకౌంట్లు సరిచేస్తుంటే అప్పుడప్పుడు ఆ సాయంత్రం గుర్తుకొస్తుంది. ఆ ఇంటి పాస్‌వర్డులన్నీ పెట్టింది నేనే. ఆ జాబు తెరవాలంటే నాకు క్షణం పని. అంత ఆరాటం పెట్టుకొని కూడా, ఆ పెన్‌డ్రైవు మెడలో వేసుకొన్న పిల్ల తెరవలేదు. ఫోను బల్ల మీద పెట్టేసి నారుకు నీళ్ళు పట్టడానికి పోయింది. ఇప్పటి నేనైతే ఏం చేసుందునో, గట్టిగా చెప్పలేను.